భజన పీట మీద యుద్ధ ట్యాంకులు

మొన్న ఆదివారం నేను ఒక బ్రిటిష్ ట్యాంకుల దళాన్ని తీసుకెళ్ళి భజనలో కూర్చోబెట్టాను. ఈ రెండు చేతులతోనే. ఆ సంగతి ఎవరి నోటో విని మీరు ఇప్పటికే ఒక విడత నవ్వుకున్నారని నాకు తెలుసు. ముందు చాయ్ చెప్పండి, జరిగిందేమిటో నేనే చెప్తాను. బయట తిరుగుతున్న కథలో నేను గోడ దూకి పారిపోయానని కూడా ఉందట. అది అబద్ధం. మిగతాదంతా దాదాపు నిజమే.

మా నర్సింలు తాత సంగతి కొంచెం చెప్పాలి. ఆయనకు ఎనభై దాటాయి. వయసులో ఉన్నప్పుడు పని వెతుక్కుంటూ వనపర్తి నుంచి సికింద్రాబాద్ పోయాడు. అక్కడ ఎవరో లారీ ఎక్కించారు. లారీ దిగితే రైలు, రైలు దిగితే ఓడ, ఓడ దిగితే బర్మా. యుద్ధం నడుస్తోంది. తెల్లవాళ్ళ ట్యాంకుల దళం ఒకదానికి చాయ్ కాచి పోసే పని దొరికింది. యుద్ధం అయ్యేదాకా కాచి పోశాడు.

తిరిగొచ్చిన చాలా ఏళ్ళకు ఆ దళంలోని ఒక దొర ఇంగ్లండు నుంచి పోస్టులో ఒక పుస్తకం పంపాడు. ఆ దళం ఎక్కడ మొదలైంది, ఎక్కడెక్కడ పోరాడింది, ఎవరెవరు పోయారు, మొత్తం చరిత్ర. అంతా ఇంగ్లీషే. మధ్యమధ్య నున్నటి కాగితం మీద ఫోటోలు. తాతకు తెలుగే కూడబలుక్కుంటే గాని రాదు. అప్పటి పోస్టుమాస్టరెవరో ఓపిగ్గా తెలుగులో చదివి చెప్తే, నెలల తరబడి విని మొత్తం కంఠతా పట్టాడు. అప్పట్నుంచి ఆ పుస్తకం మా ఇంట్లో ఇనుప పెట్టెలో, కర్పూరం బిళ్ళల మధ్య ఉంటుంది. దసరాకు కత్తి, కొడవలి, నా కుట్టు సూదులతో పాటు దానికీ బొట్టు పెడతాం.

అందులో ఒక ఫోటో ఉంది. వాగు బురదలో దిగబడిన ట్యాంకు, చుట్టూ చొక్కాల్లేని తెల్ల సిపాయిలు. కుడిపక్క అంచున సగం మనిషి. ఒక కాలు, ఒక చెయ్యి, ఆ చేతిలో చాయ్ కెటిల్. మొహం ఫోటోలో పడలేదు. ఆ సగం మనిషి తానేనని తాత ఇన్నేళ్ళుగా చెప్తున్నాడు. ఇన్నేళ్ళుగా వాడకట్టు వాళ్ళు "ఔ తాతా, నువ్వే" అని నవ్వి పోతున్నారు. మా పక్కింటి విష్ణు సార్ అయితే నవ్వను కూడా నవ్వడు. ఆయన రిటైరైన ఇంగ్లీషు టీచరు. ఒకసారి పుస్తకం అడిగి తీసుకుని, మొదటి నుంచి చివరిదాకా చదివి, తెచ్చిచ్చేటప్పుడు ఒక్క మాట అన్నాడు.

"నర్సింలన్నా, దీంట్ల నీ పేరు యాడ లేదు. కెటిల్ పట్టుకున్నోడు ఎవడైన కావొచ్చు."

తాత రెండు నెలలు ఆయనతో మాట్లాడలేదు.

ఇలా ఉండగా హైదరాబాద్ నుంచి ఒక రిటైర్డ్ మేజర్ గారు ఫోన్ చేశారు. మన వైపు నుంచి బర్మా యుద్ధానికి పోయిన మామూలు మనుషుల గురించి రాస్తున్నారట. ఆదివారం పదకొండింటికి వస్తానని, పుస్తకం చూసి, పెద్దాయనతో మాట్లాడి, వెంటనే గద్వాల పోవాలని చెప్పారు. ఇక చూడండి మా తాత హడావిడి. వాడకట్టు మొత్తానికి పిలుపులు. విష్ణు సార్ ఇంటికి స్వయంగా వెళ్ళి పిలిచాడు. తరవాత పెట్టె తీసి పుస్తకం నా చేతిలో పెట్టాడు.

"సీనూ, దీని అట్ట ఊడిపోయింది. కొత్తది ఎయ్యి. సాబ్ ముందట చినిగిన పుస్తకం పెట్టనా?"

నాకు బస్టాండ్ దగ్గర బైండింగ్ దుకాణం ఉందని మీకు తెలుసు. పని నాగర్‌కర్నూల్‌లో ఒక ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నాను. ఆయన నాకు రెండు నియమాలు నూరిపోశాడు. ఒకటి, బైండింగ్‌కు వచ్చిన పుస్తకం చదవొద్దు, చదివితే పని సాగదు. రెండు, జిగురు ఆరేదాకా పుస్తకం తెరవొద్దు, తెరిస్తే వీపు విరుగుతుంది. ఈ రెండూ ఇన్నేళ్ళుగా తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను. నా కొంప ముంచింది ఈ రెండే.

అదే వారం గోపాల్‌పేట అవతల ఒక ఊరి నుంచి ఈశ్వరయ్య మామ వచ్చాడు. ఆ ఊరి భజన గురువు ఆయన. వాళ్ళ నాయన చేత్తో రాసిన భజన పాటల పుస్తకం తెచ్చాడు. ఆదివారం పొద్దున భజన ఉంది, శనివారానికల్లా కావాలన్నాడు. కొలత పెట్టి చూస్తే తాత పుస్తకం, ఈ పుస్తకం ఒకటే పొడవు, ఒకటే వెడల్పు, ఒకటే మందం. నా దగ్గర మెరూన్ రంగు గుడ్డ ముక్క మిగిలి ఉంది, సరిగ్గా రెండు అట్టలకు సరిపోయింది. ఎంత కలిసొచ్చిందో అనుకున్నాను.

శనివారం మధ్యాహ్నానికి రెండూ కుట్టేశాను. రెండింటికీ ముందూ వెనకా తెల్ల కాగితం అంటించాను. రెండు అట్టలూ తయారు. ఒకదాని మీద బంగారు సిరాతో 'భజన పాటలు' అని, ఇంకోదాని మీద తాత పేరు. ఇక పుస్తకాలను అట్టల్లో కూర్చోబెట్టడమే మిగిలింది. జిగురు గిన్నె చేతిలోకి తీసుకున్నానో లేదో, కరెంటు పోయింది. మా దుకాణంలో షట్టర్ పక్కన తప్ప ఇంకెక్కడా వెలుతురు ఉండదు. అయినా నాకేం? నా చేతులకు కళ్ళున్నాయని రోజూ గొప్పలు చెప్పుకునేవాణ్ణి కదా. ఆ కళ్ళతోనే జిగురు పూశాను, ఆ కళ్ళతోనే అతికించాను, ప్రెస్సులో పెట్టి బిగించాను.

సాయంత్రం ఈశ్వరయ్య మామ వస్తే పేపర్లో చుట్టి ఇచ్చాను. "మామా, రేపు పీట మీద పెట్టిందాక తెరవొద్దు, జిగురు ఆరాలె," అన్నాను. ఆయన బుద్ధిగా తలూపాడు. తాత పుస్తకం ఇంటికి తెచ్చాను. "తాతా, రేపు సాబ్ వచ్చిందాక తెరవొద్దు," అన్నాను. తాత కూడా బుద్ధిగానే తలూపాడు. నా మాట ఇంతమంది వినడం నా జీవితంలో అదే మొదటిసారి.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఫోన్ మోగింది. ఈశ్వరయ్య మామ. వెనకాల తాళాల చప్పుడు.

"సీనూ, ఏం పుస్తకం ఇచ్చినవ్ ర?"

"నీదే మామా. ఏమైంది, అట్ట ఊడిందా?"

"అట్ట మంచిగనే ఉన్నది. లోపట బండ్లున్నయి."

"ఏం బండ్లు?"

"ఇనుప బండ్లు. ముందర గొట్టాలున్నయి. తెల్లోళ్ళు ఎక్కి కూసున్నరు."

 వాకిట్లోకి చూశాను. తాత తెల్ల పంచె కట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. మెరూన్ పుస్తకానికి బొట్టు పెట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ పుస్తకంలో ఏమున్నాయో అప్పుడు ఆ వాడకట్టులో నాకొక్కడికే తెలుసు. పదకొండింటికి మేజర్ గారొస్తారు. ఎదురుగా విష్ణు సార్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చుంటాడు. తాత గర్వంగా తెరుస్తాడు. తెరిస్తే దేవుడి పాటలు. ఇన్నేళ్ళు మోసిన మాట ఆ ఒక్క నిమిషంలో నవ్వులపాలైపోతుంది. అదీ నా వల్ల.

"మామా, ఆ పుస్తకాన్ని ముట్టకు. నేనొస్తున్న," అని ఫోన్ పెట్టేశాను.

తాత దగ్గరకెళ్ళి నంగనాచిలా నిలబడ్డాను. "తాతా, జిగురు సరిగ ఆరినట్టు లేదు. జర ఇయ్యి, మళ్ళొకసారి ప్రెస్సుల పెట్టి తెస్త."

తాత పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. నా మొహంలోకి ఒక చూపు చూశాడు. "ఇయ్య. గిది నా చేతుల కెంచి కదలది. నీకేమన్న పని ఉంటే చూసుకొని జల్ది రా."

లాక్కునే ధైర్యం లేదు. బండి తీశాను. గోపాల్‌పేట దారిలో నా బండి ఎన్నడూ అంత వేగం పోలేదు, ఇక పోదు కూడా. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఒక మేక నన్ను చూసి తనే దారి ఇచ్చింది.

ఊళ్ళోకి పోయేసరికి భజన జోరు మీద ఉంది. చిరుతల కర్రలు, తాళాలు, మద్దెల. ఈశ్వరయ్య మామ పీట ముందు కూర్చుని కళ్ళు అరమోడ్చి పాడుతున్నాడు. పీట మీద మా తాత పుస్తకం తెరిచి ఉంది. పేజీకి బొట్లు, పూలు. పక్కన దీపం. ఒక పాట అయిపోగానే మామ వేలు తడి చేసుకుని పేజీ తిప్పాడు. బురదలోంచి ట్యాంకు వచ్చింది. దాన్ని చూస్తూనే ఇంకో పాట అందుకున్నాడు. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

పాటకూ పాటకూ మధ్య పక్కన చేరి గుసగుసగా అడిగాను. "మామా, పుస్తకం ఇయ్యి, జల్ది పోవాలె."

"నా పుస్తకం తెచ్చినవా?"

"తేలే."

మామ నన్ను ఎగాదిగా చూశాడు. "మరి పీట ఖాళీ పెట్టమంటవా? కొబ్బరికాయ కొట్టి పీట మీద పెట్టిన పుస్తకం హారతి అయ్యేదాక లేవది. బదులుకు ఇంకొకటి పెట్టి లేపొచ్చు. నా పుస్తకం తెస్తివంటే గప్పుడే ఇస్తుంటి."

"హారతి ఎప్పుడు?"

"పన్నెండు దాటుతది. ముట్టకు అని నువ్వే చెప్పినవ్ గద ర ఫోన్‌ల."

ఇంత దూరం ఖాళీ చేతులతో వచ్చిన బుద్ధిమంతుణ్ణి నేను. ఇంకో మాట అనబోతుంటే ఎవరో నా చేతిలో చిరుతలు పెట్టారు. భజనలో ఊరికే నిలబడకూడదట. దేవుణ్ణి కాదనలేక ఒక పాట పొడుగునా చిరుతలు కొట్టాను. తాళం తప్పి పక్కాయన వేళ్ళ మీద రెండుసార్లు కొట్టాను. ఆయన దండం పెట్టి నన్ను దారి దాకా సాగనంపాడు. గోడ దూకిన కథ ఇక్కడే పుట్టి ఉంటుంది.

ఇంటికి చేరేసరికి పదకొండు దాటింది. గల్లీ మొదట్లో కారు ఉంది.  వాకిలి నిండా జనం. మంచం మీద తాత, పక్కనే మేజర్ గారు, ఎదురు కుర్చీలో విష్ణు సార్. తాత ఒళ్ళో పుస్తకం తెరిచి ఉంది. గేటు దగ్గర్నుంచే ఊదా సిరాతో రాసిన పాటల వరుసలు నాకు కనపడుతున్నాయి. ఆ వరుసల మీద వేలు పెట్టి తాత చదువుతున్నాడు. జనం కళ్ళన్నీ తాత మొహం మీదే, పుస్తకం వైపు ఎవరూ చూడట్లేదు.

"పొద్దు పొడిచే యాల్ల వాగు దాటాలని ఆర్డర్ వచ్చింది. ముందుగాల పోయిన ట్యాంకు బురదల దిగబడ్డది. రెండు ట్యాంకులు పెట్టి గొలుసు కట్టి గుంజిండ్రు. గొలుసు తెగింది. మళ్ళ కట్టిండ్రు, మళ్ళ తెగింది. దొర చొక్క ఇడిచి తనే బురదలకు దిగిండు."

పేజీ తిప్పాడు. వేలు ఇంకో పాట మీదికి పోయింది.

"లోపలున్న డ్రైవర్ బయటికి రానంటడు. బండి నేను ముంచిన, నేనే తీస్త అంటడు. పాల డబ్బ ఒక్కటే మిగిలింది. దాంతోనే చాయ్ పెట్టిన. పై మూతల కెంచి కెటిల్ లోపటికి ఇచ్చిన. తాగి, గా మూతల కెంచే చెయ్యి బయట పెట్టి నా చెయ్యి పట్టుకున్నడు. ట్యాంకు పైకి వచ్చింది గని ఎనిమిది దినాలకే ఆ డ్రైవర్ పోయిండు."

 చిన్నప్పట్నుంచి ఆ పుస్తకం తాత నోట వందసార్లు విన్నాను. పాల డబ్బా సంగతి, ఆ చెయ్యి సంగతి నేనెప్పుడూ వినలేదు. నాకు ఏడుపొచ్చింది. భయంతో వచ్చిందా, ఇంకెందుకైనా వచ్చిందా అంటే రెండూ అనే చెప్తాను.

అప్పుడు విష్ణు సార్ కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "అన్నా, ఏది, గా ఫోటో సాబ్‌కు చూపియ్యి."

అయిపోయింది. నేను జనాన్ని తోసుకుంటూ ముందుకు పోయి, "సార్, అసలేమైందంటే" అని మొదలుపెట్టాను. తాత నా వైపు చూడను కూడా చూడలేదు. పుస్తకం టప్పున మూసేశాడు.

"జిగురు ఆరలే. ఎక్కువ తెరిస్తే ఈపు ఇరుగుతది. మా మనుమడు గట్టిగ చెప్పిండు."

మేజర్ గారు నవ్వారు. "పర్వాలేదు పెద్దాయనా. ఆ ఫోటో నా దగ్గర ఉంది," అని బ్యాగులోంచి జిరాక్సు కాగితాలు తీశారు. ఆ పుస్తకం ఆయన ముందే ఎక్కడో చదివి, కావలసిన పేజీలు జిరాక్సు తీయించుకున్నారట. బురదలో ట్యాంకు, అంచున సగం మనిషి, చేతిలో కెటిల్. వాడకట్టంతా మెడలు చాచి చూసింది.

"ఈ వాగు సంగతి పుస్తకంలో రెండే వాక్యాల్లో ఉంది," అన్నారు మేజర్ గారు. "ట్యాంకు దిగబడింది, మధ్యాహ్నానికి తీశారు. అంతే. గొలుసు తెగడం, పాల డబ్బా, ఇవేవీ పుస్తకంలో లేవు. ఇవి చదివి చెప్పేవి కావు. అక్కడ ఉన్నవాళ్ళే చెప్పాలి."

అందరూ విష్ణు సార్ వైపు తిరిగారు. ఆ పుస్తకం మొత్తం చదివింది మా గల్లీలో ఆయనొక్కడే కదా. సార్ జిరాక్సు చేతిలోకి తీసుకున్నాడు.

"ఔ. రెండే లైన్లు. నేను చదివిన," అన్నాడు. తరవాత లేచి వచ్చి తాత పక్కన మంచం మీద కూర్చున్నాడు. "అన్నా, కెటిల్ నీదే."

తాత భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు. "సుజాతా, సార్‌కు చాయ్ తే బిడ్డా. పాలు మంచిగ పొయ్యి," అని మా ఆవిడకు కేకేశాడు.

మేజర్ గారు వెళ్ళే ముందు ఒక చిన్న చీటీ మీద ఇంగ్లీషులో ఏదో రాసి తాత చేతిలో పెట్టారు. 'ఫోటో కుడివైపు కెటిల్‌తో ఉన్నది వనపర్తి నర్సింలు' అని రాశానని చెప్పి, కింద సంతకం చేశారు. దాన్ని ఫోటో కింద అతికించమన్నారు. కారు దాకా సాగనంపడానికి నేను పోయాను. డోరు వేస్తూ మెల్లగా అన్నారు. "చేతిరాత ముచ్చటగా ఉందయ్యా. మా ఊళ్ళో కూడా ఆ పాటలు పాడేవాళ్ళు."

నేను తల ఎత్తలేదు. కారు కదిలిందాకా నా చెప్పులే చూసుకుంటూ నిలబడ్డాను.

అందరూ పోయాక తాత నన్ను పిలిచాడు. "పుస్తకం మార్చినవ్ గద ర."

"నీకెట్ల తెల్సింది తాతా?"

"పొద్దుగాల బొట్టు పెట్టనీకి చేతిల పట్టుకుంటనే తెల్సింది. బరువు తక్కువున్నది. ఫోటోల కాయిదం బరువుంటది."

ఇరవై ఏళ్ళుగా కాగితంతో బతుకుతున్న బైండర్‌ను నేను. నాకు తెలియలేదు.

"మరి తెల్సి గూడ ఎందుకు చెప్పలే? నేను అడిగితే పుస్తకం ఎందుకియ్యలే?"

"నేను ఒట్టి చేతులతోని కూసుంటే పుస్తకమేది అని అందరు అడుగుతరు. నువ్వు మార్చినవని చెప్పాలె. గంత మంది ముందట నిన్ను నవ్వితే రేపు నీ దుకాణానికి ఎవరొస్తరు? అందుకే దీన్నే పట్టుకొని కూసున్న. నువ్వు గాబరగ ఉరికినవ్, తెస్తవనుకున్న. తేలే. ఇగ నాకు యాదున్నది చెప్పిన."

 కాళ్ళ దగ్గర కూర్చున్నాను. నెత్తి మీద ఒకటి పీకాడు, మెల్లగానే.

సాయంత్రం ఈశ్వరయ్య మామ తాత పుస్తకం తెచ్చిచ్చి తన పుస్తకం తీసుకుపోయాడు. తాత పుస్తకం నిండా కుంకుమ, అక్కడక్కడా హారతి మసి. బురద ట్యాంకు పేజీలో ఒక బంతిపువ్వు నలిగి ఉంది. "బొమ్మలు మావోళ్ళకు మస్తు నచ్చినయి. హారతప్పుడు ట్యాంకుకు గూడ దండం పెట్టిండ్రు," అన్నాడు మామ. తాత ఆ పువ్వును తీయనివ్వలేదు.

పుస్తకం చూడకుండా పాడేవాడు ఆ ఊళ్ళో ఉన్నాడు. పుస్తకం చూడకుండా చదివేవాడు మా ఇంట్లో ఉన్నాడు. ఒక్కసారి తెరిచి చూడాల్సిన వాణ్ణి నేనొక్కణ్ణే, నేనే చూడలేదు.

ఇక ఆ చీటీ. తాత నా చేతికిస్తూ, "అతికించే ముందట పేజీ చూసుకో బిడ్డా," అన్నాడు. చూసుకున్నాను. పుస్తకం తాతదేనా అని ఒకసారి, ఫోటో అదేనా అని ఒకసారి, కెటిల్ ఉందా అని ఒకసారి. ఆ ఫోటో పేజీకి అడ్డంగా అచ్చయి ఉంటుంది, పుస్తకం పక్కకు తిప్పి చూడాలి. తిప్పాను. జిగురు పలచగా పూసి, ఎక్కడా ముడత రాకుండా, ఉస్తాద్ చూస్తే మెచ్చుకునేంత నీటుగా అతికించాను. ఆరిందాకా తెరవనివ్వలేదు.

మర్నాడు విష్ణు సార్ వచ్చి తెరిచి చూశాడు.  తరవాత పుస్తకాన్ని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"సీనూ, పేజీ కరెక్టే. చీటీ తలకిందులున్నది."

ఆ గొలుసుకట్టు ఇంగ్లీషుకు తల ఎటో నాకేం తెలుసు? పీకి మళ్ళీ అతికిస్తానని నేను చెయ్యి చాచాను. తాత పుస్తకం వెనక్కి లాక్కున్నాడు. "వద్దు ర. ఉండనియ్యి. ఇన్నేండ్లు నన్ను ఎవ్వరు చూడలే. ఇప్పుడు చూడాలన్నోడు పుస్తకం తిప్పి చూస్తడు."